చెరసాల నుండి గ్రంథశాలకు: గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి జీవితం

గుంతకల్లు నుండి బళ్ళారి మీదుగా హోసపేటకు సాగే రైలుమార్గంలో మన తోరణగల్లు ఒక జంక్షను. ఇదే మార్గంలో తూర్పుగా వెళ్ళితే బళ్ళారి, గుంతకల్లు, ఆపైన గుత్తి వస్తాయి. సుమారు నూట ముప్పది సంవత్సరాల క్రితం ఆ గుత్తిలో ఒక పేదింటి బాలుడు చదువుకున్నాడు. పెద్దవాడై ఉపాధ్యాయుడు కావాలనుకున్నాడు, ప్రభుత్వం కానివ్వలేదు. పత్రిక నడిపాడు, ప్రభుత్వం చెరసాలలో పెట్టింది. చెర వీడి వచ్చి పల్లెపల్లెకు పుస్తకాలు చేర్చే పనికి పూనుకున్నాడు. ఆ పనిని మాత్రం ఏ ప్రభుత్వమూ ఆపి నిలుపలేకపోయింది. ఆయనే ఆంధ్రదేశపు తొలి రాజకీయ ఖైదీగా పేరుగన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు.

మన పాఠశాల ప్లాటినం జూబిలీ జరుపుకుంటున్న ఈ శుభవేళ ఆ మహనీయుని స్మరించుకోవడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, వారు మన సీమ బిడ్డ. రెండవది, అధికారం ప్రజల నోరు నొక్కజూచిన కాలంలో ప్రజాస్వామ్యం ఎక్కడ పుడుతుందో, ఎలా పెరుగుతుందో తమ జీవితం ద్వారా చూపినవారు. ఆ పాఠం పాతబడేది కాదు.

దత్తమండలాల బిడ్డ

హరిసర్వోత్తమరావుగారు 1883 సెప్టెంబరు 14న కర్నూలులో భాగీరథీబాయి, వెంకటరావు దంపతులకు జన్మించారు. వారి పూర్వీకులది కడప జిల్లా సింహాద్రిపురం. ఇల్లు గడవడమే కష్టమైన కుటుంబం కావడంచేత చదువు అడుగడుగునా ఆటంకాల నడుమ సాగింది. కర్నూలు, గుత్తి, నంద్యాల పట్టణాలలో పాఠశాల విద్య ముగించుకొని మద్రాసు చేరి 1906లో ఎం.ఏ. పట్టా పొందారు. తెలుగువారిలో ఆ పట్టా పొందిన తొలితరం వారిలో వారొకరు. ఆనాడు ఆ పట్టా ఉన్న యువకునికి ప్రభుత్వ కొలువు, పెద్ద జీతం, సమాజంలో గౌరవం అన్నీ అందుబాటులోనే ఉండేవి.

వారు పుట్టి పెరిగిన సీమకు అప్పటి పేరు దత్తమండలాలు. నిజాము 1800లో ఈ ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించడంవల్ల ఆ పేరు వచ్చింది. ఇచ్చినవారు గాని, పుచ్చుకొన్నవారు గాని ఈ నేలమీద బ్రతికే ప్రజలను ఒక్కమాట అడగలేదు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల ప్రజలు నూరేళ్ళకు పైగా ఆ పేరును మోశారు. పాలితుల సమ్మతితో పనిలేని పాలన ఎట్టిదో చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో ఈ సీమవారు ఆ పేరును తొలగించుకొని రాయలసీమ అన్న పేరును తమకు తామే పెట్టుకున్నారు. ఆ పేరును ముందుగా సూచించినవారెవరన్న విషయంలో చిలుకూరి నారాయణరావుగారి పేరు, గాడిచర్లవారి పేరు రెండూ చెప్పుకుంటారు. ఎవరు సూచించినా, దానం చేయబడిన నేల తన పేరు తానే నిర్ణయించుకోవడం ఒక చిన్న స్వరాజ్యమే.

బ్యాడ్జీ తెచ్చిన శిక్ష

ఎం.ఏ. ముగిసిన పిమ్మట హరిసర్వోత్తమరావుగారు ఉపాధ్యాయ వృత్తిని కోరుకొని 1907లో రాజమహేంద్రవరంలోని శిక్షణ కళాశాలలో చేరారు. అవి బెంగాల్ విభజనపై దేశమంతటా ఆగ్రహం రగులుతున్న రోజులు. స్వదేశీ ఉద్యమ నాయకులలో ఒకరైన బిపిన్ చంద్రపాల్ 1907 ఏప్రిల్‌లో రాజమహేంద్రవరం వచ్చి వరుసగా ఉపన్యసించారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు వాటిని తెలుగులో వినిపించారు. గోదావరి తీరాన ఆ సాయంత్రాలు యువకుల హృదయాలను కదిలించాయి.

విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించి తరగతులకు హాజరయ్యారు. వారు రాళ్ళు రువ్వలేదు, తలుపులు విరగగొట్టలేదు. చొక్కాకు ఒక చిన్న బిళ్ళ తగిలించుకున్నారు, అంతే. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ దానినే ధిక్కారంగా భావించాడు. ముందునిలిచిన హరిసర్వోత్తమరావుగారిని కళాశాల నుండి బహిష్కరించారు. ప్రభుత్వ ఉద్యోగానికి వారు అనర్హులని ఉత్తర్వు వెలువడింది.

విద్యార్థులైన మన పిల్లలు ఈ సంఘటనను కొంచెం నిలిచి ఆలోచించవలసి ఉంది. నిరంకుశాధికారం ఒక చిన్న బిళ్ళకు ఎందుకు భయపడింది? ఆ బిళ్ళ ధరించినవాడు అనుమతి అడగలేదు. తన మనసులోని మాటను తన గుండెలపై తానే ధరించాడు. ఒకడు అలా చేస్తే అది ధిక్కారం, నూరుమంది చేస్తే అది ప్రజాభిప్రాయం. ప్రజాభిప్రాయమన్నది ఒకటి ఉన్నదని ఒప్పుకుంటే, దానికి సమాధానం చెప్పవలసిన బాధ్యత కూడా పాలకులపై పడుతుంది. ఆ బాధ్యత నుండి తప్పించుకోవడానికే ఆనాటి కళాశాల ఒక ఉత్తమ విద్యార్థిని, తెలుగునాట బడులు ఒక ఉత్తమ ఉపాధ్యాయుని కోల్పోయాయి.

ఆ 1907లోనే కొమర్రాజు లక్ష్మణరావుగారి విజ్ఞానచంద్రికా మండలి హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాం లింకన్ జీవితచరిత్రను ప్రకటించింది. కట్టెలు కొట్టే ఇంట పుట్టి, స్వయంకృషితో చదువుకొని, బానిసత్వాన్ని రూపుమాపిన దేశాధ్యక్షుని కథను తెలుగు పాఠకునికి అందించడం ఆనాడు కేవలం సాహిత్యసేవ కాదు. సామాన్యుడు పాలకుడు కాగలడని చెప్పడమే అందలి అంతరార్థం.

స్వరాజ్య పత్రిక, వెల్లూరు చెర

కొలువు దారి మూసుకుపోయినప్పుడు వారు కలం పట్టారు. 1908లో విజయవాడ నుండి స్వరాజ్య అనే పత్రికను ప్రారంభించారు. అదే సంవత్సరం మార్చి 13న తిరునెల్వేలిలో ఘోరం జరిగింది. స్వదేశీ నౌకా సంస్థను నెలకొల్పిన వి.ఓ. చిదంబరం పిళ్ళైగారిని, సుబ్రహ్మణ్య శివగారిని నిర్బంధించినందుకు ప్రజలు వీధులలోకి రాగా పోలీసులు కాల్పులు జరిపారు. నలుగురు మరణించారు. విపరీతబుద్ధి అన్న శీర్షికతో స్వరాజ్య ఆ దమననీతిని అతి తీవ్రమైన పదజాలంతో ఖండించింది.

ప్రభుత్వం రాజద్రోహ నేరం మోపింది. హరిసర్వోత్తమరావుగారికి మూడు సంవత్సరాల కఠినశిక్ష పడింది. పత్రికా ప్రచురణకు బాధ్యుడైన బోడి నారాయణరావుగారు కూడా శిక్ష పొందారు. అది దేశమంతటా అలాంటి శిక్షలు కురిసిన సంవత్సరం. అదే జులైలో లోకమాన్య తిలక్‌కు ఆరేళ్ళ ప్రవాసశిక్ష విధించి మాండలేకు పంపారు. చిదంబరం పిళ్ళైగారికి కూడా ఆ నెలలోనే శిక్ష పడింది. పత్రికలను అణచడానికి 1908లో ఒక చట్టం, 1910లో మరింత కఠినమైన మరొక చట్టం వచ్చాయి. ముద్రణాలయం నడపదలచినవాడు ముందుగా ధరావతు సొమ్ము కట్టాలి; పాలకులకు నచ్చని రాత అచ్చయితే ఆ సొమ్ము జప్తు. మాట పుట్టకముందే దాని గొంతుపై కత్తి పెట్టి ఉంచే పద్ధతి అది.

ఈ రాజద్రోహ నిబంధన కథ అక్కడితో ముగియలేదని కూడా మనం తెలుసుకోవాలి. భారత శిక్షాస్మృతిలోని 124-ఎ సెక్షన్ స్వతంత్ర భారతంలోనూ కొనసాగింది. 2022 మే నెలలో సుప్రీంకోర్టు దాని ప్రయోగాన్ని నిలుపుదల చేసింది. 2024 జులై 1న శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయసంహిత అమలులోకి వచ్చింది. రాజద్రోహమన్న పేరు పోయినా, దేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను ప్రమాదంలో పడవేసే చర్యలపై పెట్టిన కొత్త 152వ సెక్షన్ గురించి న్యాయవేత్తలలో చర్చ జరుగుతూనే ఉన్నది. ఒక యువ సంపాదకుడు 1908లో ఎదుర్కొన్న ప్రశ్న, అనగా ప్రభుత్వాన్ని విమర్శించడం దేశద్రోహమగునా అన్న ప్రశ్న, ప్రతి తరమూ తనకు తానుగా తేల్చుకోవలసిన ప్రశ్నయే.

వెల్లూరు చెరసాలలో వారిని రాజకీయ ఖైదీగా ప్రత్యేకించి చూడలేదు. అసలు అట్టి విభాగమే అప్పటికి లేదు. కరడుగట్టిన నేరస్థుల నడుమ, గుండు చేయించి, సంకెళ్ళు తగిలించి ఉంచారు. ఎం.ఏ. చదివిన ఇరవై అయిదేళ్ళ యువకుడు తన యౌవనంలోని మూడు నిండు సంవత్సరాలను అక్కడ గడిపారు.

మూసుకున్న తలుపులు

విడుదల తరువాతి శిక్ష మరింత కఠినమైనది. రహస్య పోలీసులు నీడవలె వెంట తిరిగేవారు. వారితో మాట్లాడడానికే జనం జంకేవారు. నిరంకుశ పాలన ప్రతి పౌరుని చెరసాలలో పెట్టనవసరం లేదు. ఒకరిని పెట్టి తక్కినవారికి చూపితే చాలు. భయం మిగతా పని పూర్తిచేస్తుంది. తన ఊరివారే తనను చూచి దారి తప్పుకోవడం, చెరసాల గోడలకంటె బలమైన గోడ.

అటువంటి స్థితిలో మనిషి రెండు దారులలో ఒకదానిని ఎన్నుకొంటాడు. కోపంతో కాలిపోవడం ఒకటి. అలసిపోయి మౌనం దాల్చడం మరొకటి. హరిసర్వోత్తమరావుగారు మూడవ దారి పట్టారు. మద్రాసు చేరి కొమర్రాజు లక్ష్మణరావుగారితో కలిసి విజ్ఞానగ్రంథాల పనిలో పాలుపంచుకున్నారు. ఆంధ్రపత్రికలో కొంతకాలం సంపాదక బాధ్యతలు నిర్వహించారు. 1916లో హోంరూలు ఉద్యమం రాగా ఆంధ్ర శాఖకు కార్యదర్శిగా పనిచేసి ఊరూరా తిరిగారు. ఆ తిరుగుళ్ళలో వారికొక సత్యం బోధపడి ఉంటుందని వారి తదుపరి జీవితమే సాక్ష్యమిస్తున్నది. పత్రికను నడిపేది ఒక సంపాదకుడు, ఒక ముద్రాపకుడు. ఆ ఇద్దరినీ పట్టుకుంటే పత్రిక ఆగిపోతుంది. కాని ఒక ఊరు తానే పుస్తకాలు కొని, తానే చదువుకొని, తానే చర్చించుకొంటే, ఎవరిని పట్టుకుంటారు?

పల్లెపల్లెకు గ్రంథాలయం

తెలుగునాట గ్రంథాలయోద్యమానికి పునాదులు వారు వేసినవి కావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధుల మహాసభ జరిగింది. రాష్ట్రవ్యాప్తమైన గ్రంథాలయ సంఘం ఆనాడే రూపుదాల్చింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం నెలకొన్నది. ఈ మహావృక్షానికి 1934 నుండి అధ్యక్షులై నీరుపోసి కాపాడినవారు హరిసర్వోత్తమరావుగారు. ఇంచుమించు వారి శేషజీవితమంతా ఆ సేవకే అంకితమైంది.

ఆ కాలాన్ని ఒకసారి లోకం నడుమ నిలిపి చూద్దాం. 1933 మే 10న జర్మనీ రాజధాని బెర్లిన్‌లో విద్యార్థులే నడివీధిలో పుస్తకాలను కుప్పపోసి తగులబెట్టారు. ఒకే నాయకుడు, ఒకే పక్షం, ఒకే అభిప్రాయం అన్న పాలన అక్కడ వేళ్ళూనుతున్నది. సరిగ్గా మరుసటి యేడు, పరపాలనలో ఉన్న మన దేశంలో, చెరసాల చూచి వచ్చిన ఒక పెద్దమనిషి పుస్తకాలను పోగుచేసే ఉద్యమానికి నాయకత్వం స్వీకరించారు. ఈ రెండు దృశ్యాలకు నేరుగా సంబంధం లేదు. అయినను పక్కపక్కన ఉంచి చూస్తే నిరంకుశత్వం దేనికి భయపడుతుందో, ప్రజాస్వామ్యం దేనిపై నిలుస్తుందో బోధపడుతుంది.

ఈనాటి తరానికి పల్లె గ్రంథాలయమంటే తాళం వేసిన గది గుర్తుకు రావచ్చు. ఆనాటి గ్రంథాలయం వేరు. ఊరివారు కొందరు కలిసి చందాలు వేసుకొనేవారు. ఎవరిదో ఒక అరుగు, లేదా సత్రంలో ఒక గది దొరికేది. ఒక బీరువా, కొన్ని పుస్తకాలు, ఒకటి రెండు పత్రికలు అమరేవి. సాయంకాలం చదువు వచ్చినవాడొకడు పత్రికను బిగ్గరగా చదివితే పదిమంది చుట్టూ చేరి వినేవారు. చదివినదానిపై వాదులాట జరిగేది. కార్యదర్శిని సభ్యులే ఎన్నుకొనేవారు. జమాఖర్చులు సంవత్సరానికొకసారి సభలో చదివి వినిపించాలి. లెక్క తప్పితే అడిగే హక్కు చందా కట్టిన ప్రతివానికీ ఉండేది.

ఇదే అసలు రహస్యం. శాసనసభకు ఓటుహక్కు ఊరిలో బహుకొద్దిమందికే ఉన్న ఆ దినాలలో, ఎన్నుకోవడం, లెక్క అడగడం, భిన్నాభిప్రాయాన్ని ఓపికతో వినడం, ఓడినా సంఘంలోనే నిలిచి ఉండడం వంటి అలవాట్లను సామాన్యుడు తొలుత నేర్చుకొన్న బడులలో గ్రంథాలయం ఒకటి. ప్రజాస్వామ్యం ఢిల్లీలో గాని మద్రాసులో గాని మొదలు కాలేదు. పల్లె అరుగుమీద, ఒక చిన్న సంఘపు లెక్కల పుస్తకంలో మొదలైంది.

నిజాం రాజ్యంలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనబడింది. అక్కడ గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం ముందస్తు అనుమతి లేనిదే సభ జరపడానికి వీలులేదు. రాజకీయసభకు తావులేని చోట గ్రంథాలయమే ప్రజలు కలుసుకొనే చావడి అయింది. 1930లో జోగిపేటలో ప్రారంభమైన నిజామాంధ్ర మహాసభ వెనుక ఈ గ్రంథాలయాలు తీర్చిదిద్దిన కార్యకర్తలు ఎందరో ఉన్నారు.

సర్కారు జిల్లాలలో ఉద్యమం కొత్తకొత్త మార్గాలు కనిపెట్టింది. గ్రంథాలయ యాత్రల పేరిట కార్యకర్తలు ఊరూరా నడిచి ప్రచారం చేశారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదపాలెం కేంద్రంగా కాలువలో పడవపై గ్రంథాలయాన్ని నడిపారు. గట్టు మీది పల్లెలు పడవ కోసం ఎదురుచూచేవి. ఇటువంటి కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం, శిబిరాలు నడపడం, పుస్తకాలను ఎలా ఎన్నుకోవాలో, ఎలా వర్గీకరించాలో, పాఠకుని ఎలా ఆదరించాలో నేర్పడం హరిసర్వోత్తమరావుగారు ప్రత్యేక శ్రద్ధతో చేసిన పని. బడిలో ఉపాధ్యాయుడు కానీయకుండా ప్రభుత్వం ఆపినవారు ఈ విధంగా ఊళ్ళకు ఉపాధ్యాయులయ్యారు.

వారు అధికార పీఠాలను తాకనివారేమీ కారు. 1927లో మద్రాసు శాసనమండలి సభ్యులయ్యారు. కాని ఈనాడు వారి పేరు చెప్పగానే మనకు గుర్తుకు వచ్చేది ఆ సభ్యత్వం కాదు.

అక్షరం రాని ఓటరు

ఉద్యమంలోని లోపాలను కప్పిపుచ్చి చెప్పడం ఆ మహనీయునికి గౌరవం కాదు. గ్రంథాలయం ఎంత ఆదరంగా తలుపు తెరిచినా, చదువు రానివాడు గడప దాటి ఏమి చేయగలడు? పల్లెలలో అట్టివారే ఎక్కువ. అందులోనూ స్త్రీలు, అంటరానివారని దూరంగా ఉంచబడినవారు అక్షరానికి మరింత దూరంలో ఉండేవారు. అరుగుమీద పత్రిక చదువుతుంటే దూరంగా నిలుచుండి వినవలసిన స్థితి కొందరిది. గ్రంథాలయోద్యమం ప్రధానంగా చదువుకున్న కుటుంబాలవారి పూనికతో నడిచినందున ఈ కొరత దానికి పుట్టుకతోనే ఉన్నది.

హరిసర్వోత్తమరావుగారు ఈ కొరతను గ్రహించి వయోజనవిద్యను గ్రంథాలయానికి జోడించారు. రాత్రి బడులు, పెద్దలకు అర్థమయ్యే సులభమైన పుస్తకాలు, చదివి వినిపించే ఏర్పాట్లు, వీటన్నిటిని ఒకే పనిలోని భాగాలుగా చూశారు. పగలంతా పొలంలో శ్రమించిన మనిషిని పలకముందు కూర్చోబెట్టడం సులభమైన పని కాదు. దీపపు నూనెకు డబ్బు కావాలి, పంటకోతల కాలంలో బడి మూతపడుతుంది, నేర్చిన నాలుగు అక్షరాలు సాధన లేక మరుపున పడతాయి. అందుకే బడి పక్కన గ్రంథాలయం, గ్రంథాలయం పక్కన బడి ఉండవలసిందే.

ఈ పని ఎంత అవసరమో స్వాతంత్ర్యం వచ్చాక తెలిసింది. 1935 నాటి చట్టం బ్రిటిషు ఇండియాలో సుమారు మూడున్నర కోట్లమందికే ఓటు ఇచ్చింది. ఆస్తి, చదువు వంటి అర్హతలు కావలసి ఉండేవి. మన రాజ్యాంగం ఆ గోడలన్నిటినీ ఒక్కసారిగా కూల్చివేసింది. 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికలలో పదిహేడు కోట్లకు పైగా ఓటర్లు నమోదయ్యారు. 1951 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత 18.33 శాతం మాత్రమే. లోకంలో ఏ దేశమూ అంత పెద్ద సంఖ్యలో అక్షరం రాని పౌరులను నమ్మి అధికారం అప్పగించలేదు.

ఆ నమ్మకం వమ్ము కాలేదు. 1975 జూన్ 25న దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. పత్రికలకు సెన్సారు విధించారు. విచారణ లేకుండా వేలాదిమందిని నిర్బంధించారు. 1977 మార్చిలో ఎన్నికలు రాగా దేశం ఆ పాలనను తిరస్కరించింది. మన దక్షిణాది రాష్ట్రాలలో ఫలితం వేరుగా వచ్చినా, మొత్తంమీద తీర్పు స్పష్టం. ఆ తీర్పు చెప్పిన వయోజనులలో సగానికి పైగా చదువురానివారే. దీనినుండి మనం వినయంతో ఒక సంగతి గ్రహించాలి. వివేకం చదువుకున్నవారి సొత్తు కాదు. చదువు ఆ వివేకానికి గొంతునిస్తుంది, సమాచారాన్నిస్తుంది, మోసపుచ్చేవాని మాటను పరీక్షించే సాధనాన్నిస్తుంది. హరిసర్వోత్తమరావుగారు పలక చేతికిచ్చింది సామాన్యునికి బుద్ధి నేర్పడానికి కాదు. ఉన్న బుద్ధికి పనిముట్టు అందించడానికి.

చట్టం వచ్చింది, వారు వెళ్ళిపోయారు

గ్రంథాలయాల నిర్వహణ దాతల దయపై ఆధారపడకుండా చట్టబద్ధం కావాలన్నది ఉద్యమకారుల చిరకాల వాంఛ. ఎస్.ఆర్. రంగనాథన్‌గారి కృషి ఫలితంగా 1948లో మద్రాసు ప్రజాగ్రంథాలయాల చట్టం వచ్చింది. అప్పటికి బళ్ళారి జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిదే గనుక ఆ చట్టం మన జిల్లాకు కూడా వర్తించింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం కర్నూలు రాజధానిగా అవతరించినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా బళ్ళారి జిల్లాలోని మిగిలిన భాగం మైసూరు రాష్ట్రంలో చేరింది. హరిసర్వోత్తమరావుగారు జన్మించిన ఊరు రాజధాని అయింది. ఆయన సీమలోని ఒక భాగం సరిహద్దుకు ఇవతల నిలిచింది.

1960 ఫిబ్రవరి 29న వారు కన్నుమూశారు. అదే 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రజాగ్రంథాలయాల చట్టం అమలులోకి వచ్చింది. జీవితకాలమంతా నాటిన చెట్టు ఫలించేవేళకు తోటమాలి లేడు. కర్ణాటకలో 1965లో గ్రంథాలయాల చట్టం వచ్చింది. విజయవాడలోని గ్రంథాలయ సంఘ భవనానికి సర్వోత్తమ భవనమన్న పేరు పెట్టి ఆంధ్రులు తమ ఋణం కొంత తీర్చుకున్నారు.

చట్టం వలన లాభం కలిగింది, నష్టమూ కలిగింది. పన్నులో భాగం గ్రంథాలయాలకు చేరింది, ఉద్యోగులు వచ్చారు, భవనాలు లేచాయి. కాని తమ చందాతో తమ సంఘాన్ని నడుపుకొన్న పల్లెవారు క్రమంగా అది ప్రభుత్వం పని అనుకొని పక్కకు తప్పుకున్నారు. లెక్క అడిగే అలవాటు సన్నగిల్లింది. ప్రజలు చేతులు వదిలివేసిన సంస్థ ప్రభుత్వం చేతిలో కార్యాలయంగా మిగులుతుంది. ప్రజాస్వామ్యానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అయిదేళ్ళకొకసారి ఓటు వేసి తక్కిన కాలమంతా నిద్రపోయే ఊరిలో, అధికారం ఒక్కచోట పోగుపడడానికి ఎవరూ కుట్ర చేయనవసరం లేదు.

మనకు మిగిలిన పని

మన తోరణగల్లు ఒకనాడు చిన్న పల్లె. నేడు ఉక్కు కర్మాగారం పుణ్యమా అని దేశంలోని అన్ని ప్రాంతాలవారు ఇక్కడ కనిపిస్తారు. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కర్మాగారపు గేటు దగ్గర హిందీ వింటూ పెరుగుతున్నారు. ఇది బరువని కొందరంటారు. నిజానికి ఇది సంపద. భిన్నమైనవారితో కలిసి బ్రతకడం సరిహద్దు ఊరికి పుట్టుకతోనే అబ్బిన విద్య. ఆ విద్యే ప్రజాస్వామ్యానికి మూలం. అయితే ఇంటిభాషలో చదవడం మరచిన పిల్లవాడు అవ్వ చెప్పే కథను వినగలడు గాని, దానిని వ్రాసి పదిలపరచలేడు. ఏ భాషలోనూ లోతుగా చదవనివాడు చేతిలోని ఫోనులో వచ్చే ప్రతి వార్తను నిజమనుకొంటాడు. ఆనాడు మాట బయటికి రాకుండా అణచేవారు. ఈనాడు వేయి అబద్ధాల నడుమ నిజాన్ని వినబడకుండా చేయవచ్చు. రెండింటికీ మందు ఒకటే: తానై చదివి, పక్కవానితో చర్చించి, లెక్క అడిగే అలవాటు.

ఇందుకు మహాకార్యాలేవీ అవసరం లేదు. తల్లిదండ్రులు వారానికొక సాయంత్రం పిల్లలచేత ఇంటిల్లిపాదికీ ఏదైనా చదివించి వినవచ్చు. పూర్వవిద్యార్థులు జూబిలీ కానుకగా పుస్తకాలు ఇవ్వదలచితే, ఇచ్చి ఊరకుండక సంవత్సరానికొకసారి వచ్చి అవి ఎంతమంది చేతులలో నలిగాయో చూడవచ్చు. ఉపాధ్యాయులు తరగతి గ్రంథాలయాన్ని విద్యార్థులకే అప్పగించి, కార్యదర్శిని వారిచేతనే ఎన్నుకోనిచ్చి, జమాఖర్చులను వారిచేతనే చదివించవచ్చు. పంచాయతీ గ్రంథాలయం తలుపు తెరిచి ఉన్నదో లేదో అడిగే హక్కు, గ్రామసభలో కూర్చుని ప్రశ్నించే హక్కు మనందరిదీ. పదేళ్ళ బాలిక తన తరగతి ముందు నిలిచి, నలుగురు పుస్తకాలు తిరిగి ఇవ్వలేదని, రెండు చిరిగాయని, ఇరవై రూపాయలు మిగిలాయని లెక్క చెప్పిన రోజున ఆ తరగతి ఒక చిన్న గణరాజ్యమవుతుంది.

ఒక బిళ్ళ ధరించినందుకు బడి నుండి వెళ్ళగొట్టబడిన హరిసర్వోత్తమరావుగారు ఆంధ్రదేశాన్నే బడిగా మార్చుకున్నారు. వారు పుట్టిన సీమలో, వారు చదివిన గుత్తికి పోయే రైలుదారి పక్కన, తెలుగు అక్షరం దిద్దుకుంటూ ఇన్ని తరాలు నిలిచిన మన పాఠశాలలో వారికి చిత్రపటమూ పూలమాలా ఉంటే సంతోషమే. అంతకుమించి, ఆ పటం కింద ప్రతిదినమూ తాళం తీసి ఉన్న పుస్తకాల బీరువా ఒకటి ఉంటే వారి ఆత్మ సంతోషిస్తుంది.